దొరకు ఇల్లిచ్చిన కండక్టరు

పోయిన వారం ఆఫీసులో ఒకమ్మాయి ఏదో లింకు పంపింది. బెంగళూరులో తప్పక చూడవలసిన పాత ఇళ్ళట. తెరిస్తే చామరాజపేటలో మా వీధి. ఒక ఇంటి ఫొటో, కింద రెండు వాక్యాలు: "పక్షుల మీద పరిశోధన చేసిన ఒక ఆంగ్లేయుడు ఈ వీధిలో మూడేళ్ళు నివసించాడు. ఆయన కూర్చుని రాసుకున్న కిటికీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు."

ఆ దొర నాకు బాగా తెలుసు. ఆయన పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒక ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు, మా ఇంటి అరుగు మీద, మా ఓనరు గారి నోట్లోంచి పుట్టాడు. ఓనరు గారు పోయి ఏడాది కావస్తోంది. దొర మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

ఓనరు గారి పేరు ఇక్కడ రాయను. వీధిలో కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ కండక్టరే. సిటీ బస్సుల్లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు కానీ ఆయన ఒళ్ళు మాత్రం రిటైరవలేదు. ఇంట్లో నిలబడ్డా కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము ద్వారబంధానికి ఆనించి, నేల ఎప్పుడు కుదుపుతుందో తెలియదన్నట్టు నిలబడేవారు. ఏ కాగితం చేతికిచ్చినా, కరెంటు బిల్లైనా పెళ్ళిపత్రికైనా, నిలువుగా మడిచి వేళ్ళ సందున పెట్టుకునేవారు. మాట ముగిసిందనుకుంటే "రైట్" అనేవారు. ఆ తర్వాత ఎదుటివాళ్ళు ఎంత మాట్లాడినా వినిపించుకునేవారు కాదు. ఎవరినైనా ఆపాలంటే "హోల్డాన్!" బస్సు ఆపడానికి ఇక్కడి కండక్టర్లు వేసే కేక అది. ఆయన భార్య, మా ఆంటీ, కూరలో రెండోసారి ఉప్పు వేయబోతుంటే కూడా ఆ కేక విన్నాను.

నేను అంతకుముందు బెళ్ళందూరులో ఉండేదాన్ని, పద్నాలుగో అంతస్తులో. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. వాటిని రాసేది నేనే, చదివేదీ దాదాపు నేనే. ఆఫీసు ఊరి మధ్యకు మారింది. ట్రాఫిక్ మీద విసుగూ పాత బెంగళూరు మీద మోజూ కలిసి నన్ను చామరాజపేటకు తెచ్చాయి. ఇల్లు చూడగానే పడిపోయాను. పెంకుల కప్పు, ముందు వైపు కోసుగా దిగే చెక్క చూరు, దాన్నిక్కడ మంకీ టాప్ అంటారు, ఎర్రటి నేల, వీధిలోకి అరుగు. వెనక మేడ మీద ఒక గది నాకు.

"ఈడ లిఫ్టు లేదు, జిమ్ము లేదు. నీళ్ళు దినము మార్చి దినము వస్తాయి," అన్నారాయన గది చూపిస్తూ. "యాల వస్తాండావమ్మా?"

"పాత ఇల్లంటే ఇష్టమండీ."

ఆయన కిందకు వంగి, "ఇన్నావా, ఈ యమ్మికి పాత ఇల్లు ఇష్టమంట," అని కేకేశారు. వంటింట్లోంచి ఆంటీ గొంతు వచ్చింది. "వాన పడేదాకా ఉండనీ. అప్పుడు అడుగుదాము."

ఆయన తాత హిందూపురం వైపు నుంచి వచ్చి, మార్కెట్టు దగ్గర బొరుగులు అమ్మి కట్టిన ఇల్లది. ఇంతకు మించి ఆ ఇంటికి చరిత్ర ఏమీ లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆదివారాలు మా వీధిలోకి పాత ఊరు చూసే జనం వచ్చేవారు. ఇరవై మంది దాకా, బూట్లు, నీళ్ళ సీసాలు, ముందు గుడ్డ టోపీ పెట్టుకున్న ఒక ఆర్కిటెక్టు. మూల మీది ఇంటి ముందు పావుగంట ఆగి చెప్పేవాడు. మా ఇంటి దగ్గరకొచ్చేసరికి "ఇది కూడా ఆ కాలానిదే" అని చెయ్యి ఊపి సాగిపోయేవాడు. ఓనరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చునేవారు. ఆగకుండా వెళ్ళిపోయే ఆ గుంపును, స్టాపులో ఆగని బస్సును చూసినట్టు చూసేవారు.

మూడు ఆదివారాలు ఓర్చుకున్నారు. నాలుగోసారి లేచి నిలబడి "హోల్డాన్!" అన్నారు. ఇరవై మందీ ఆగిపోయారు.

"ఈ ఇంట్లో ఒక దొర వచ్చి నీళ్ళు తాగినాడు."

అంతే. ఆ తర్వాత ఏం చెప్పాలో ఆయనకూ తెలియదనుకుంటాను, ఒక్క క్షణం తడబడ్డారు. ఆ క్షణంలో ఇరవై ఫోన్లు పైకి లేచాయి.

మరుసటి వారానికి దొర నీళ్ళు మానేసి కాఫీ తాగాడు. ఆ పై వారం వాన పట్టుకుని ఉండిపోయాడు. నెల తిరిగేసరికి పెట్టే బేడాతో దిగాడు. ఉగాది నాటికి మూడేళ్ళ కాపురం చేశాడు. ఇంతకీ ఆయన ఇక్కడ ఏం చేసేవాడని ఒక పెద్దావిడ అడిగింది. ఓనరు గారు ఎదురుగా కరెంటు తీగ మీద వాలిన పావురాల వంక చూసి, "పక్షుల మీద పుస్తకం రాస్తాండె," అన్నారు.

"ఏ గదిలో?"

ఆయన చెయ్యి నా గది వైపు లేచింది. అప్పటికి నేను పిట్టగోడ మీద బట్టలు ఆరేస్తున్నాను.

ఆనాటి నుంచి నాది దొర గది. పది అడుగుల గదిలోకి ఇరవై మందిని ఎక్కించడం ఆయనకు లెక్క కాదు. గుమ్మంలో నిలబడి, "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉండాది," అనేవారు. జనం జరిగేవారు. నా కుక్కరు ఫొటోలో పడకుండా మర్యాదగా పక్కకు నెట్టేవారు. దిగుతూ ఆంటీ దగ్గర ఆగేవారు. ఆవిడ నానబెట్టిన అవరేకాయ, అంటే అనపకాయ, గింజల తోలు తీస్తూ, పితికిన పప్పు చేస్తూ ఉండేవారు. ఒకాయన ఆవిడ చేతులు మాత్రమే ఫొటో తీసి 'అంతరించిపోతున్న చేతులు' అని పెట్టాడు. నేను చదివి వినిపిస్తే ఆంటీ, "అంతరించి పోతాండేది నా నడుము. అది తియ్యమను ఫోటో," అన్నారు.

ఒకరోజు ఆయన్ని అడిగాను. "అంకుల్, నా గది మీరు ఉద్యోగంలో చేరాక కట్టించిందే కదా. ఆంటీ చెప్పారు."

ఆయన కోపగించుకోలేదు. వీధి వంక తిరిగారు.

"ముప్పై నాలుగేండ్లు అరిచినానమ్మా. మెజెస్టిక్, మార్కెట్, కార్పొరేషన్. నా నోట్లో నుంచి స్టాపు పేరు దప్ప ఇంగో మాట ఎవురన్నా ఇన్నారా? నా మొగము జూసినోడు ఉండాడా? ఈళ్ళు ఇంటాండారు. బూట్లు ఇడిచి మరీ ఇంటాండారు. దాంట్లో ఎవురికి నష్టము చెప్పు." నేనేదో అనబోయేలోగా, "రైట్," అన్నారు.

అబద్ధమని తెలిసీ ఆ వారమే నేను దొర గురించి రాసి నెట్‌లో పెట్టాను. నేనుంటున్న గది, కిటికీ, పావురాలు, ఒంటరి దొర. నా పుస్తకాలకు ఏనాడూ రాని పాఠకులు దొరకు వచ్చారు. ఎవరెవరో కన్నీళ్ళు పెట్టుకున్నామని రాశారు. నేనది ఓనరు గారికి చదివి వినిపిస్తే, రాత్రిపూట దొర వేణువు కూడా వాయించేవాడని చేర్చమన్నారు. చేర్చాను.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ముందు గదిలో చెదలు తిన్న దూలం ఒకటి విరిగి, పెంకులు ఆంటీ మంచం మీద కుప్పకూలాయి. ఆవిడ అప్పుడే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళారు. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఓనరు గారు ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని, దిండు మీది పెంకు ముక్కలు ఒక్కొక్కటే తీస్తున్నారు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆయనకు ఆవిడ, ఆవిడకు ఆయన, అంతే.

"కాంక్రీటు కప్పు ఏపిస్తానే," అన్నారు ఆవిడతో. "ఈ కట్టె, పెంకులు అంతా పీకేపిస్తా."

మర్నాడే అనుమతి కోసం కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి గుమస్తా కంప్యూటరు చూసి, మీ ఇల్లు కాపాడవలసిన ఇళ్ళ జాబితాలో చేరింది, దొర నివసించిన ఇల్లు కదా, ఒక్క పెంకు కదిలించాలన్నా కమిటీ ఒప్పుకోవాలి అన్నాడు. ఓనరు గారు అతనిచ్చిన కాగితాన్ని నిలువుగా మడిచి ఇంటికి తెచ్చారు. ఆంటీ మంచం వంటింట్లోకి మారింది. అక్కడా కారుతుంటే పైన ప్లాస్టిక్ పట్టా కట్టారు.

"ఇదో సామీ," అన్నారు ఆంటీ, పట్టా కింద నుంచి. "మీ దొర మల్ల వచ్చినప్పుడు చెప్పు, నన్ను గూడా పిల్చుకోని పొమ్మను."

కమిటీ ముందుకు ఆయనతో పాటు నేనూ వెళ్ళాను, ఇంగ్లీషు అవసరమైతే అందిస్తానని. బల్ల వెనక ముగ్గురున్నారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దావిడ, ఒక అధికారి, మన టోపీ ఆర్కిటెక్టు. ఓనరు గారు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, చేతులు జోడించారు.

"అమ్మా, అది అబద్ధము. దొరా లేడు, గిరా లేడు. నేనే సుమ్నే, ఊరికే చెప్పినా. ఆడికి వచ్చినోళ్ళు ఇంటాండారని చెప్పినా. తప్పాయెను."

ఆవిడ ఎంతో దయగా నవ్వింది. "ఇలా చెప్పమని మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా? బిల్డర్లెవరైనా?"

"ఎవురూ లేరమ్మా. ఆ గది నేను కట్టిచ్చిందే. ఇటికెలు ఈ బుజము మీద మోసినా."

"పాత గది ఉన్న చోటే కట్టి ఉంటారు."

"గది ఏడిది? ఆడ జామచెట్టు ఉండె."

"జామచెట్టు," అన్నాడు టోపీ ఆయన అధికారి వైపు వంగి. "అంటే పక్షులు."

అధికారి రాసుకున్నాడు.

ఆవిడ ఫైలు తెరిచింది. అన్నిటికన్నా పైన నేను రాసిందే అచ్చు తీసి ఉంది. దాని కింద మూడు వ్యాసాలు, మూడింటికీ ఆధారం నేను రాసిందే. ఆఖరున ఎవరో పరిశోధకుడి కాగితం. పాత రికార్డుల్లో ఆయనకు ఒక ఆంగ్లేయుడు దొరికాడట. ఆ ఆంగ్లేయుడు మూడేళ్ళ పాటు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదట.

"మూడేళ్ళు," అంది ఆవిడ, కాగితం మీద వేలు ఆనించి. "సరిగ్గా సరిపోతోంది."

నేను లేచి, "మేడమ్, అది రాసింది నేనే. నా దగ్గర ఆధారం ఏదీ లేదు. వేణువు కూడా తర్వాత కలిపాను," అన్నాను.

"మీ వినయం మీ రచనలో కూడా కనిపిస్తుంది," అంది ఆవిడ.

ఇద్దరం ఆటో ఎక్కాం. మార్కెట్టు సర్కిలు దాకా ఆయన వేళ్ళ సందున ఉన్న కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగాక నా వైపు తిరిగారు.

"ఏమ్మా."

"చెప్పండి అంకుల్."

"ఒగేళ నిజంగానే వచ్చిండాడేమో?"

ఎగతాళేమో అని మొహంలోకి చూశాను. కాదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు అరుగు మీదకు రాలేదు. వచ్చిన జనానికి నేనే, ఆయనకు ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాను. మూడో వారం మధ్యలో ఒక పొద్దున, చొక్కా గుండీలు పెట్టుకుంటూ తిన్నగా రోడ్డు దాటి ఎదురింటికి వెళ్ళారు. బట్టల కొట్టు నడిపి మానుకున్న ఎదురింటాయనతో ఓనరు గారికి పదకొండేళ్ళుగా మాటల్లేవు. గేటు ముందు స్కూటరు పెట్టిన గొడవ అది. ఆదివారాలు ఆయనా ఇస్త్రీ చొక్కాతో తన అరుగు మీద కూర్చునేవారు. జనం వీపులు మాత్రమే ఆయన వైపు ఉండేవి.

ఏమవుతుందోనని నేను వెనకే వెళ్ళాను.

"ఏమప్పా, నీకు దొర కావల్నా?" అన్నారు ఓనరు గారు.

ఎదురింటాయన పేపరు దించారు. "ఏ దొర?"

"నా దొరే. ఈ బీదిలో ఇంగెవురి దొర ఉండాడు?"

"యాల ఇస్తాండావు?"

"నా ఇల్లు కారతాండాది. ఆయనకి సరిపోదు. కానీ ఒగటి చెప్తా ఇను. ఆయన వచ్చినాడంటే ఇంటి ముందర ఒగ మేకు గూడా కొట్టేదానికి ఇడవరు."

ఎదురింటాయన వెనక్కి తిరిగి తన ఇల్లు చూసుకున్నారు. ఆయన లోపలంతా ఎప్పుడో కొత్త కప్పు వేయించుకున్నారు. ముందు గోడ, కిటికీలు మాత్రమే పాతవి. "నాకేమి, నేను మేకులు కొట్టేవాన్ని గాదు. ఎన్నాళ్ళు ఉంటాడు?"

"మూడేండ్లు. కిటికీ ఒగటి సూపీయాల. అంతే."

"మల్ల వాపసు అడగవు గదా?"

"అడగను."

పదకొండేళ్ళ తర్వాత ఆ ఇంట్లోంచి ఆయనకు కాఫీ వచ్చింది.

ఆ ఆదివారం ఓనరు గారు అరుగు మీద నిలబడి, ఇన్నాళ్ళూ పరువు కోసం దాచిన సంగతి ఒకటి ఉందన్నారు. దొర మొదట దిగింది ఈ ఇంట్లోనే. మొదటి రాత్రే పెంకుల సందుల్లోంచి కారిన వానకు ఆయన కాగితాలన్నీ తడిసిపోయాయి. తెల్లారగానే పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి ఎదురింటికి పోయాడు. మూడేళ్ళూ ఉన్నది అక్కడే. "మా తాత కాళ్ళు పట్టుకున్నా నిలవలేదు," అని కళ్ళొత్తుకున్నారు.

అబద్ధమని మొత్తుకున్నప్పుడు నమ్మని కమిటీ, అబద్ధాన్ని బాగుచేసి చెప్పేసరికి వెంటనే నమ్మింది. తమ పరువు తక్కువ చేసుకుంటూ ఎవరూ కథలు అల్లరు కాబట్టి ఇదే నిజమై ఉండాలని ఉత్తరంలో రాసింది కూడా. రెండు నెలల్లో జాబితా సవరించారు. నేను రాసిందానికి కింద 'సవరణ' అని పెట్టి, దొరను ఎదురింటి కిటికీ దగ్గరకు మార్చాను. వేణువు అలాగే ఉంచాను. ఎదురింటాయన అడిగారు.

మా ఇంటి చెక్క చూరు విప్పే రోజున కూడా జనం వచ్చారు, ఫొటోల కోసం. ఒకమ్మాయి గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఓనరు గారు దగ్గరికెళ్ళి కుర్చీ వేశారు.

"ఏడవద్దమ్మా. నీది ఏ ఏరియా?"

"సర్జాపుర రోడ్డు అంకుల్. అపార్ట్‌మెంట్. పదిహేడో ఫ్లోరు."

"ఆడ మీకు పైకప్పు ఏంది?"

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. "కాంక్రీటు."

ఆయన తల ఊపారు, అంతే. నీళ్ళు తెప్పించి ఇచ్చారు.

కొత్త కప్పు వేయడం అయింది. ఆంటీ మంచం ముందు గదిలోకి తిరిగి వచ్చింది. మొదటి వానకు ఆవిడ పట్టపగలు, అంత హోరులో, నోరు తెరుచుకుని నిద్రపోయారు. ఓనరు గారు పక్కన కుర్చీ వేసుకుని, వానను కాకుండా ఆవిడనే చూస్తూ కూర్చున్నారు.

ఆదివారాలు మాత్రం ఆయనకు గడిచేవి కావు. ఇప్పుడు వీపులు ఆయన వైపు ఉండేవి. ఎదురింటాయనకు కథ చెప్పడం రాదు. దొర ఏడాదికి ఎన్ని కాయితాలు రాశాడో లెక్క చెప్పేవారు, దొర తిన్న అన్నం ఏ బియ్యమో చెప్పేవారు. ఒకసారి దొర కాకుల మీద పుస్తకం రాశాడన్నారు. మా అరుగు మీంచి "కాకులు గాదప్పా, పావురాలు!" అని కేక వెళ్ళింది. జనం ఒక్కసారి ఇటు తిరిగారు. ఆయన మొహం వెలిగింది. వాళ్ళు మళ్ళీ అటు తిరిగిపోయారు.

కొత్త కప్పు కింద రెండు వానాకాలాలు గడిపారు. తర్వాత ఒక మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో ఒరిగారు. నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోను చేశారు. "రామ్మా, ఈయన లేస్తా లేడు," అన్నారు, రోజూ నిద్ర లేపే మనిషి గురించి చెప్పినట్టే. నేను వచ్చేసరికి ఎదురింటాయన మా గుమ్మంలో తల పట్టుకుని కూర్చుని ఉన్నారు.

కర్మలైన మరుసటి ఆదివారం జనం మామూలుగానే వచ్చారు. వాళ్ళకేం తెలుసు. టోపీ ఆయన గుంపును ఎదురింటి కిటికీ ముందు నిలబెట్టాడు. ఆంటీ ఎప్పుడూ లేనిది వచ్చి అరుగు మీద కూర్చున్నారు. గుంపులో వెనకబడిన ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ దగ్గర ఆగి, "అజ్జీ, దొర ఉన్నది ఆ ఇంట్లోనేనా?" అని అడిగారు.

"ఆడ దొర," అన్నారు ఆంటీ. "ఈడ కండక్టరు. మా ఇంటాయన. ముప్పై నాలుగేండ్లు."

వాళ్ళు మర్యాదకు తల ఊపి కదలబోయారు. ఆంటీ గొంతు పెంచారు.

"ఒగసారి ఏమాయెనో తెల్సునా? బస్సులో ఒగామెకు నొప్పులు వచ్చేసె. ఈయన మొగోళ్ళనందర్నీ దించేసినాడు. స్టాపులన్నీ ఇడిచిపెట్టి బస్సును నేరుగా ఆసుపత్రికి పట్టిచ్చినాడు. దావలోనే బిడ్డ పుట్టె. ఈయన చేతుల్లోనే పుట్టె."

ఇద్దరూ అరుగు అంచున కూర్చున్నారు. ఒకామె బూట్లు విప్పింది.

నేను మెట్ల మీద ఆగిపోయాను. ఆయన ఏదీ కడుపులో దాచుకునే మనిషి కాదు. స్టాపులో ఎవరో గొడుగు మర్చిపోతే ఆ గొడుగు కథ నాకు నాలుగుసార్లు చెప్పారు. బిడ్డ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆంటీ తలెత్తి నన్ను చూశారు. చూసి, తొణక్కుండా వాళ్ళ వైపు తిరిగారు.

"మగపిల్లాడా అజ్జీ? ఏం పేరు పెట్టారు?"

"ఈయన పేరే," అన్నారు ఆంటీ. "ఇంగేమి పెడతారు?"